అర చుట్టు వదులు

ఇస్తారికి దేవుడంటే నమ్మకం ఉంది. జీతమిచ్చే అర్బాబంటే కొద్దిగా ఉంది. ఇంకొకడు బిగించిన బోల్టంటే మాత్రం బొత్తిగా లేదు. జపాను ఫ్యాక్టరీలో మిషను బిగించిన బోల్టయినా సరే, తన పానా ఒకసారి దానిమీద పడితే గానీ అతనికి అన్నం సయించదు. ఒమాన్‌లోని సూర్‌లో, సముద్రానికి రెండు వీధుల అవతల ఉన్న మా లేబర్ క్యాంపులో, పదకొండో నంబర్ రూమ్‌లో పందొమ్మిదేళ్ల నుంచి ఉంటున్న ఈ మెట్‌పల్లి మనిషికి మూడు చొక్కాలు, రెండు లుంగీలు, నలభై మూడు పానాలు ఉన్నాయి. తొంభై నాలుగు కిలోల మనిషి. అందులో నాలుగు కిలోలు జేబుల్లోని నట్లేనని రూమ్‌వాళ్లు అంటారు.

“గట్టిగ బిగిచ్చుడు ఫిటింగ్ గాదు తమ్మీ,” అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. “ఎంత కావాల్నో అంత బిగిచ్చుడు ఫిటింగ్. ఎక్కువైతె తెగుతది, తక్కువైతె ఊగుతది. ఊగేదాన్ని సూస్కుంట కూసునుడు నాతోని గాదు.”

కంపెనీ బస్సు సైట్ దగ్గర ఆగితే అందరూ దిగేవాళ్లు, ఇస్తారి సీటు కిందికి దూరేవాడు. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతుంటే కింద నుంచి గొంతు మాత్రం వచ్చేది: “ఆగుర్రి, మూడో సీటు కాలు ఆడుతున్నది. రేపు ఎవడన్న పడితె నువ్వు జవాబు చెప్తవా?” వంతెన దగ్గర మలయాళీ టీ కొట్టుకు పోతే ముందు బల్ల బోర్లా పడేది, ఆ తర్వాతే టీ. కొట్టువాడు మొదట్లో కేకలు వేశాడు. రెండేళ్ల తర్వాత అతనే కొత్త బల్లలు కొన్నప్పుడు ఇస్తారి వచ్చేదాకా గిరాకీని నిలబెట్టే ఉంచాడు.

ఇంటికి పోయేటప్పుడు అందరూ సబ్బులు, సెంట్లు, దుప్పట్లు మోసుకుపోతే ఇతను బోల్టులు మోసుకుపోయేవాడు. హైదరాబాదు విమానాశ్రయంలో ఒకసారి పెట్టె విప్పించిన అధికారి ముక్కున వేలేసుకున్నాడట.

“ఇవి ఇక్కడ దొరకవా?”

“దొరుకుతయి సార్. కుదురయి.”

భార్య లస్మవ్వ ఫోన్లో రూమ్ మొత్తానికి వినబడేలా చెప్పేది: “పెండ్లయి ఇరువై ఎనిమిదేండ్లాయె. ఇంట్ల తలుపులు, మంచాలు, బర్రె గొలుసు, అన్నిటి బోల్టులు గట్టివే. నేను, ఈ పిల్లలే వదులుగున్నం. మమ్ముల సూసెటోడే లేడు!” ఇస్తారి నవ్వి, “ఆమె ఫోను స్పీకర్ల కూడ ఏదో ఊగుతున్నది, సప్పుడు ఇను,” అనేవాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. కానీ ఆ ఏడాది ఎండాకాలం పదకొండో నంబర్ రూమ్‌లో నవ్వేవాళ్లు తక్కువ. ముఖ్యంగా ఇస్తారి కింది మంచం మీద ఉన్న రఘుపతి నవ్వడం మానేసి మూడు నెలలైంది.

రఘుపతిది కోరుట్ల పక్క. షట్టరింగ్ కార్పెంటర్. మార్చిలో సైట్ దగ్గర పికప్ మీంచి ప్లైవుడ్ దింపుతూ కాలు జారి పడ్డాడు. కుడి చీలమండ విరిగింది. ఆసుపత్రిలో కోసి, లోపల ఒక ప్లేటు పెట్టి, ఆరు స్క్రూలతో బిగించారు. నొప్పితో పళ్లు కొరుకుతున్న రఘుపతిని చూడ్డానికి అరటిపళ్లు పట్టుకొచ్చిన ఇస్తారి, ఎక్స్‌రే చూడగానే అరటిపళ్లు కింద పెట్టి డాక్టరును పట్టుకున్నాడు. డాక్టరుకు హిందీ వచ్చు. ఇస్తారికి మెట్‌పల్లి హిందీ వచ్చు.

“ఎన్ని మిల్లీమీటర్ల స్క్రూలు సాబ్ ఇవి?”

“మూడున్నర.”

“వాషర్లు ఏసిండ్రా?”

“ఎముకకు వాషర్ ఎందుకయ్యా?”

“మరి బిగువు సరిపోయిందని ఎట్ల తెలుస్తది?”

డాక్టరు అలసిపోయి ఉన్నాడు. రెండు వేళ్లు పైకెత్తి, “ఈ చేతికి తెలుస్తుంది,” అన్నాడు. ఇస్తారి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, తిప్పి చూసి, కళ్లకు అద్దుకున్నంత పని చేశాడు. “తమ్మీ, బుగులు పడకు. ఈయన మనోడే,” అన్నాడు రఘుపతితో. ఇంకొకడు బిగించిన బోల్టును ఇస్తారి నమ్మింది జీవితంలో అదొక్కసారే.

నమ్మనివాడు రఘుపతి. కట్టు విప్పారు. ఎక్స్‌రే మళ్లీ తీశారు. ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నారు. అతను మంచం దిగి ఎడమ కాలు మీద నిలబడేవాడు. కుడి పాదం నేలకు తగలగానే లోపలి ఆరు స్క్రూలూ ఊడి మడమలోకి రాలిపోతాయనిపించేది. మళ్లీ కూలబడేవాడు. బాత్‌రూమ్‌కు కర్ర, గోడ, ఎవరిదో భుజం. పగలంతా అందరూ డ్యూటీకి పోయాక ఆ రూమ్‌లో ఏసీ చప్పుడు, అతను, ఎదుటి మంచం.

ఎదుటి మంచం నర్సింగ్‌ది. చెయ్యి దెబ్బ తిని, మూడు నెలలు చూసి, పనికి పనికిరాడని కాగితం రాసి ఏప్రిల్‌లో ఇంటికి పంపేశారు. పోయేరోజు బస్సులోంచి మంచి చేత్తో చెయ్యి ఊపాడు. వారం రోజులు ఫోన్ చేశాడు, తర్వాత చేస్తే ఎత్తడం మానేశాడు. చుట్టిపెట్టిన అతని పరుపు అట్లాగే ఉంది. ఆ మంచం మీద పడుకోవడానికి ఎవడికీ మనసు రాలేదు. రఘుపతి మాత్రం రోజంతా దాన్నే చూస్తూ పడుకునేవాడు.

జూన్ ఒకటో తారీఖున సేఫ్టీ ఆఫీసర్ రూమ్‌కు వచ్చాడు. చెడ్డవాడు కాదు, చెప్పాల్సింది చెప్పిపోయాడు. ఇరవై ఎనిమిదిన యార్డులో పరీక్ష. గేటు నుంచి స్కాఫోల్డింగ్ పరంజా దాకా కర్ర లేకుండా నడవాలి. ఎనిమిది మెట్లు ఎక్కి దిగాలి. దిగితే ఒకటో తారీఖు నుంచి డ్యూటీ. లేకపోతే నర్సింగ్‌కు రాసిన కాగితమే. ఆ కాగితం ఉన్నవాణ్ణి గల్ఫ్‌లో ఇంకో కంపెనీ ముట్టుకోదని రఘుపతికి తెలుసు. ఊళ్లో గోడల దాకా లేచిన ఇల్లు ఉంది. అంతకంటే పెద్ద సంగతి, భార్య సుమలతకు అతను కాలు విరిగిందని చెప్పనేలేదు. బెణికిందన్నాడు.

“బెణికితె మూడు నెలలా?” అని ఆమె ఆ రోజు కూడా అడిగింది.

“తగ్గింది. డ్యూటీకి పోతనే ఉన్న.”

“మరి పగటిపూట ఫోన్ల ఏసీ సప్పుడొస్తది?”

రఘుపతి ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పైమంచం మీద ఇస్తారి కదలకుండా ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాడు రఘుపతి.

మూడో తారీఖు సాయంత్రం ఇస్తారి చంకలో ఒక చెక్క పెట్టుకొచ్చాడు. సముద్రం వైపు ఎవరో విల్లా ఖాళీ చేస్తుంటే ఏసీలు విప్పడానికి పోయాడట. చెత్తడబ్బా పక్కన పడేసి ఉందట. స్కేట్‌బోర్డు. నాలుగు చక్రాలు, మీద సగం గీరుకుపోయిన పులి బొమ్మ.

“ఏందన్నా అది? పోరగాండ్లు ఆడుకునేది.”

“ఆడుకునేదైతె? బోల్టులు లేవా?”

నేలమీద బోర్లా వేసి చతికిలబడ్డాడు. చెక్క కింద ముందొకటి, వెనకొకటి, చక్రాలను పట్టుకునే ఇనుప ఇరుసులున్నాయి. వాటిని ట్రక్కులంటారు. ఒక్కో ట్రక్కును చెక్కకు పట్టి ఉంచేవి నాలుగేసి బోల్టులు. ఇస్తారి ఎనిమిదీ చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఎవడు బిగిచ్చిండో గని, వాని చేతులు పడిపోను! మూడు పొడుగు, రెండు పొట్టి, ఒకటి వంకర, ఒకటి కిటికీ స్క్రూ, ఒకదానికి నట్టే లేదు. ఎనిమిది బోల్టులు ఎనిమిది దిక్కులు సూస్తున్నయి. దీని మీద పిల్లగాన్ని ఎక్కిచ్చిండ్రు సూడు!”

ట్రక్కు నడుమ ఇంకో లావు బోల్టు, దాని చుట్టూ రెండు రబ్బరు ముక్కలు. మనిషి ఎటు ఒరిగితే రబ్బరు అటు నొక్కుకుంటుంది, బండి అటు తిరుగుతుంది. ఆ రబ్బర్లు ఎండకు ఎండి బీటలు వారాయి. ఇస్తారి వాటిని వేళ్లతో నలిపితే పొడి రాలింది. ఆ రాత్రి అతను అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు సాయంత్రం నిసార్ అహ్మద్ షాపుకు పోయొచ్చాడు. క్యాంపు వీధి చివర హార్డ్‌వేర్ షాపు అది. నిసార్ భాయ్ ఇరవై ఆరేళ్ల కింద కడప నుంచి వచ్చినవాడు, ఇస్తారి నలభై మూడు పానాల్లో ముప్పై అతని దగ్గర కొన్నవే. ఒకే పొడవున్న బోల్టులు ఎనిమిది, లోపల ప్లాస్టిక్ రింగు ఉన్న నట్లు ఎనిమిది తెచ్చాడు. ఆ రింగు ఉంటే ఎంత అదిరినా నట్టు వదులు కాదు. ఆ నట్టును వేలిమీద పెట్టుకుని పసిపాపను చూసినట్టు చూశాడు.

“రబ్బరు మాత్రం మస్కట్ నుంచి రావాల్నట. వారం అయితదట. ఇంకోటి ఇను. అది మనిషి బరువును బట్టి ఉంటదట. తేలికోనికి మెత్తది, బరువోనికి గట్టిది. నా బరువుకు కుదిరింది ఏస్తె బండి తిరుగనే తిరుగదు. నీదెంత?”

“యాబై ఎనిమిది. ఆసుపత్రిల తూచిండ్రు. ఎందుకు?”

“గంతే. అంతుంటవనే అనుకొని నీ లెక్కనే చెప్పొచ్చిన. ఈ రూమ్‌ల తేలికోనివి నువ్వే. ఇగ ఇది నీ కాలు మీదనే కుదిరియ్యాలె.”

“నా కాలా? నా కాలు నాకే కుదురుతలేదు!”

“నడువుమన్ననా? కూసో. కుర్సీల కూసోని ఆ కాలు బండి మీద పెట్టి ముందటికి ఎన్కకు అను. బేరింగు సప్పుడు ఇని చెప్పు. నా చెవులు గ్రైండర్ల పోయినయి.”

చెవులకు ఏ లోటూ లేదని రఘుపతికి తెలుసు. పక్క రూమ్‌లో నట్టు కింద పడితే సైజు చెప్పే మనిషి. అయినా మంచం మీద ఎదుటి మంచాన్ని చూస్తూ ఉండడం కంటే అదే నయమనిపించింది. కుర్చీలో కూర్చుని కుడి పాదం బండి మీద పెట్టాడు. ముందుకు, వెనక్కు. చీలమండ పట్టేసినట్టుంది. కిర్రుమంది. బండో, కాలో తెలియలేదు.

“బండే,” అన్నాడు ఇస్తారి. బేరింగులు విప్పి పెట్రోలులో కడిగాడు.

మస్కట్ రబ్బరు వచ్చేలోపు ఊరుకోలేక తనే రబ్బరు తయారు చేశాడు. పాత నీళ్ల మోటారులోది పెట్టాడు, కుదరలేదు. గ్యాస్ పైపు ముక్క కోసి పెట్టాడు, కుదరలేదు. ఏడో తారీఖున రఘుపతి కళ్లు తెరిచేసరికి ఇస్తారి ఒక చెప్పును గుండ్రంగా కోస్తున్నాడు. రఘుపతిదే, కుడికాలిది.

“అన్నా! అది నా చెప్పు!”

“కుడిదే గద. మూడు నెలలాయె, తొడుగుతలేవు. నీకేం అక్కెర?”

“ఎందుకు అక్కెర లేదు? నేనేం సచ్చిపోయిననా? నాకు రెండు కాళ్లున్నయి!” మూడు నెలల్లో రఘుపతి గొంతు అంత పెద్దగా లేవడం అదే మొదటిసారి. వంట దగ్గరున్న రూమ్‌వాడు కుమార్ గరిటె పట్టుకునే వచ్చి చూశాడు.

ఇస్తారి తల గోక్కున్నాడు. “అట్లనా? అయితె కొత్తవి తెస్త,” అని కోయడం పూర్తిచేశాడు. మర్నాడు మంచం కింద కొత్త చెప్పుల జత ఉంది. రఘుపతి కోపం చూపించడానికి దాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు.

పదో తారీఖున మస్కట్ నుంచి రబ్బర్లు వచ్చాయి. ఇస్తారి బండిని షాపుకే పట్టుకుపోయి, అక్కడి బల్లకున్న వైస్‌లో పెట్టి బిగించుకొచ్చాడు. ఎండ దిగి, రూమ్‌ల మధ్య సందులో నీడ పడ్డాక రఘుపతిని బయటికి దింపాడు. ఎడమ కాలు బండి మీద. చెయ్యి ఇస్తారి భుజం మీద.

“ఇప్పుడు కుడికాలుతోని నేలను తన్ను.”

“కుడిదా? దాన్ని బండి మీద పెడ్త, ఎడమదానితోని తంత.”

“ఒక్క దిక్కే తొక్కితె రబ్బరు ఒక్క దిక్కే అరుగుతది. ఫిటింగ్ పాడైతది.”

“నా కాలు పాడైతె?”

“ఆ డాక్టర్ చెయ్యి నేను పట్టి చూసిన. ఊడయి. తన్ను.”

రఘుపతి కళ్లు మూసుకుని నేలను తన్నాడు. ఆరు స్క్రూలూ ఊడలేదు. బండి నాలుగడుగులు పోయింది. సందులో కూర్చున్నవాళ్లు ఈలలు వేశారు. మూడు నెలలు మంచం మీద పడి ఉన్నవాడు పిల్లల బండెక్కితే ఎవరికి నవ్వు రాదు? రఘుపతి మాత్రం ఇస్తారి భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“ఎట్లున్నది?” అన్నాడు ఇస్తారి ఆత్రంగా.

“ముందట కొంచెం ఊగుతున్నది.”

ఇస్తారి ముఖం మాడిపోయింది. “ఊగుతున్నదా? అయితె రేపు మళ్ల బిగిచ్చి తెస్త.”

అట్లా మొదలైంది. పొద్దున్నే డ్యూటీకి ముందు ఇస్తారి బండిని నిసార్ భాయ్ షాపుకు పట్టుకుపోయేవాడు. సాయంత్రం తెచ్చి రఘుపతిని ఎక్కించేవాడు. పదకొండున వెనకది ఊగింది. పన్నెండున ముందుది. “నాలుగడుగులకు ఏం తెలుస్తది? నీళ్ల ట్యాంకు దాకా పోతె తెలుస్తది,” అనేవాడు. నీళ్ల ట్యాంకు దాకా పోతే, “గేటు దాకా పోతె మంచిగ తెలుస్తది.” గేటు దాకా పోతే, “మలుపు దాటితె అసలు సంగతి తెలుస్తది.” తిరుగు ప్రయాణంలో ఎక్కనిచ్చేవాడు కాదు. “రబ్బరు వేడెక్కింది. ఇప్పుడు నడిపితె సాగుతది. సంకల పెట్టుకొని నడిచి రా.” రఘుపతి ఒక చేత కర్ర, ఒక చంకలో బండి, నోట్లో తిట్లతో నడిచి వచ్చేవాడు. పదహారో తారీఖున కర్రకు చెయ్యి ఖాళీ లేదు. ఇస్తారి ఆ చేతిలో పానాల సంచి పెట్టాడు. రూమ్‌కు వచ్చి కూర్చున్నాక గానీ కర్ర గేటు దగ్గరే మరిచిపోయానని రఘుపతికి గుర్తు రాలేదు.

కానీ ఇస్తారి తీరు రోజురోజుకూ పాడవుతోంది. అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. రాత్రిళ్లు పైమంచం మీద దొర్లేవాడు. బస్సులో సీటు కింద దూరడం మానేశాడు. బండిని రఘుపతి చేతికిస్తూ దాని వైపు చూసేవాడు కాదు, ముఖం పక్కకు తిప్పుకునేవాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఇస్తారి చేతికి ఒక బోల్టు లొంగలేదని క్యాంపంతా చెప్పుకున్నారు. కుమార్ ఎగతాళి చేశాడు.

“ఏందే ఇస్తారన్నా, రెండు రబ్బరు ముక్కలు నిన్ను ఓడగొట్టినయి?”

ఇస్తారి లుంగీ అంచుతో చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. రఘుపతికి దిగులేసింది. మంచి మనిషి, తన కాలు గోలలో పడి తనే పాడైపోతున్నాడనుకున్నాడు. ఆ దిగులుతోనే, ఇస్తారికి ఎట్లాగైనా లోపం పట్టివ్వాలని రోజూ ఇంకొంచెం దూరం పోయేవాడు. ఇరవై ఐదుకు సముద్రం రోడ్డు దాకా పోయాడు. నీళ్ల మీద పడవలు కనబడ్డాయి. ఆ ఊళ్లో ఆరేళ్లుగా ఉండి ఆ నీళ్లను అతను అంత సేపు ఎప్పుడూ చూడలేదు. సుమలతకు ఫోన్ చేసి, అక్కడే నిలబడి, కాలు విరిగిన సంగతి మొత్తం చెప్పేశాడు. ఆమె చాలాసేపు తిట్టింది. తర్వాత, “ఇప్పుడు నిలబడ్డవా, కూసున్నవా?” అని అడిగింది.

“నిలబడ్డ.”

“అయితె గట్లనే ఉండు,” అని ఏడ్చింది.

ఇరవై ఎనిమిది పొద్దున యార్డులో ఎండ అప్పుడే చుర్రుమంటోంది. సేఫ్టీ ఆఫీసర్ చేతిలో అట్ట, అట్ట మీద రెండు కాగితాలు. ఒకటి నర్సింగ్‌కు రాసినటువంటిదేనని దూరం నుంచే రఘుపతి గుర్తుపట్టాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. చీలమండలో ఆరు స్క్రూలూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

అప్పుడు స్కాఫోల్డింగ్ మీంచి ఒక గొంతు వచ్చింది.

“తమ్మీ, మెట్లన్ని సూసిన. క్లాంపులన్ని సూసిన. ఒక్కటి సుత ఊగుతలేదు. నువ్వు రా.”

ఇస్తారి! డ్యూటీ ఇంకో సైట్లో ఉండాల్సినవాడు. తెల్లవారకముందే వచ్చి ఎనిమిది మెట్లకూ పానా పట్టాడట. సేఫ్టీ ఆఫీసర్ దిగమని అరిచాడు. “దిగుత సార్, ఒక్కటే ఉన్నది, ఒక్కటే,” అని చివరిదాన్ని చెవి పెట్టి విని మరీ దిగాడు. రఘుపతికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మొదటి అడుగు పడింది. క్యాంపు సందులో లాగే, నీళ్ల ట్యాంకు దాకా అనుకున్నాడు. తర్వాత గేటు దాకా అనుకున్నాడు. మలుపు దాకా అనుకునేసరికి మెట్లు వచ్చాయి. ఎక్కాడు. దిగాడు. ఆఫీసర్ అట్ట మీది రెండు కాగితాల్లో ఒకదాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రెండోదాని మీద సంతకం చేశాడు.

ఇస్తారి ఆ సంతోషంలో కూడా అన్నం తినలేదని మధ్యాహ్నం తెలిసింది. రఘుపతి ఉండబట్టలేకపోయాడు. బండి చంకన పెట్టుకుని, కర్ర లేకుండా, నిసార్ అహ్మద్ షాపుకు నడిచాడు.

“భాయ్, దీనికి కొత్త రబ్బరు కావాలె. ఎంత దూరమైనా తెప్పియ్యి. ఇది పద్దెనిమిది రోజులసంది ఊగుతనే ఉన్నది. ఇస్తారన్న దీని రందితోని సచ్చేటట్టున్నడు.”

నిసార్ అహ్మద్ ముందు అతని కాళ్ల వైపు చూశాడు. తర్వాత కర్ర కోసం అటూ ఇటూ చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మాషా అల్లా. నడిచే వచ్చినావా? సరే, కూచో. ఇంక చెప్తే ఏం కాదులే. ఆ రబ్బరుకు ఏం రోగమూ లేదప్పా. పదో తారీఖు పొద్దున్నే కుదిరిపాయ. నా షాపులో, ఈ బల్ల మీద. ఎంత బాగా కుదిరింది అంటే, వేలితో తోస్తే దారం పట్టినట్ల పోయింది. మీ ఇస్తారి దాన్ని చూసి చూసి మురిసిపాయ. అంతలోనే కూలబడినాడు.”

“ఎందుకు?”

“‘భాయ్, ఇది కుదిరిందని చెప్తే వాడు మళ్లా మంచమెక్కుతాడు’ అన్నాడు. పానా తీసుకున్నాడు. ఆ నడిమి బోల్టును అర చుట్టు వదులు చేసినాడు. తిప్పేటప్పుడు కండ్లు మూసుకున్నాడు! నేను ఈ పందొమ్మిదేండ్లలో వాణ్ణి అట్లా చూళ్లేదు. రోజూ తెల్లారి నా ఫజర్ నమాజు కాంగానే వచ్చేవాడు. నిన్న వదులు చేసినదాన్ని బిగించేవాడు, కండ్ల నిండా ఒకసారి చూసుకునేవాడు, ఇంకోదాన్ని అర చుట్టు వదులు చేసేవాడు. ఒకదినం ముందుది, ఒకదినం వెనకది. ‘ఈ దినం కూడా తప్పు చేసినా భాయ్’ అని చేతులు కడుక్కుని పోయేవాడు. తలకాయ ఎత్తేవాడు కాదు.”

రఘుపతి ఒళ్లో ఉన్న బండిని తిరగేసి చూశాడు. వెనక ట్రక్కు మీద లావు నట్టు, అర చుట్టు బయటికి ఉంది. బల్ల మీది పానా అందుకోబోయాడు. నిసార్ అహ్మద్ ఆ చేతిని పట్టుకున్నాడు.

“వద్దు. నువ్వు బిగించొద్దు. పద్దెనిమిది దినాలు నోరు కట్టుకున్నాడు ఆ మనిషి. వాణ్ణే బిగించుకోనీ.”

రఘుపతి తిరిగి వచ్చేసరికి ఇస్తారి మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందు పళ్లెంలో అన్నం ఆరిపోతోంది. రఘుపతి బండిని బోర్లా తిప్పి అతని ఒళ్లో పెట్టాడు.

“అన్నా, ఒకటో తారీఖు సంది నాకు డ్యూటీ. ఇగ దీన్ని చూసుడు నాతోని గాదు. బిగిచ్చెయ్యి.”

ఇస్తారి బండి వైపు చూడకుండానే అడిగాడు. “ఎంత బిగియ్యాల్నో నీకేం ఎరుక?”

“అర చుట్టు.”

ఇస్తారి మెల్లగా తల ఎత్తి రఘుపతిని చూశాడు. రఘుపతి రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడి ఉన్నాడు, గోడను పట్టుకోలేదు. ఇస్తారి తలగడ కింది నుంచి పానా తీశాడు. నట్టుకు పెట్టాడు. అర చుట్టు తిప్పి, చెవి ఆనించి విన్నాడు. పద్దెనిమిది రోజులు బిగబట్టిన ఊపిరి వదిలాడు.

“కుదిరింది,” అన్నాడు. పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. అది తిని, కుమార్ వాటాలోంచి ఇంకో పళ్లెం తిన్నాడు. కుమార్ లబోదిబోమంటుంటే వినిపించుకోలేదు. మూడోసారి పెట్టుకుంటూ నర్సింగ్ మంచం కాలు వైపు చూసి, “అది సుత ఊగుతున్నట్టున్నది. రేపు చూడాలె. వాడు మళ్లొచ్చినా రాకున్నా,” అన్నాడు.

రఘుపతికి ఏదో చెప్పాలని ఉంది. “అన్నా, నువ్వు నాకోసం...” అన్నాడు.

“అవుగని తమ్మీ,” అని ఇస్తారి నోట్లో ముద్ద ఉండగానే అడ్డుపడ్డాడు, “నీ కాలుల ప్లేటు ఏడాదైనంక తీస్తమన్నడు గద డాక్టరు? ఆ ఆరు స్క్రూలు పారెయ్యనియ్యకు. అడిగి తీసుకరా. మూడున్నర మిల్లీమీటర్లవి నా దగ్గర ఒక్కటి సుత లేవు.”